ఠాణా వేలంలో నేను పాడిన బండి

మొయినాబాద్ ఠాణాలో వేలం జరిగిన పొద్దున ఆ గుంపులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మా ఆయన అప్పటికే కిరాయి ట్రాలీలో గులాబీలు వేసుకొని సిటీకి వెళ్లిపోయాడు. వేలానికి పెట్టిన బండి ఎట్లా ఉందో చూసి రమ్మన్నాడంతే. నేనూ చూసి రావడానికే వెళ్లాను.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఒకదాని వెంట ఒకటి లేస్తున్న రోజులవి. మా సురంగల్ చుట్టూ పొలాలు ఫాంహౌస్‌లవుతున్నాయి. భూమి అమ్మినవాళ్లు కొత్త కార్లు కొంటున్నారు. మేము అమ్మకుండా ఉన్న ఎకరంలో గులాబీలు పెట్టాం. మాదాపూర్ వైపు కొత్త ఆఫీసులకు రోజూ పూలు కావాలి. కానీ కిరాయి బండి మన చేతిలో ఉండదు. అది రాని రోజు తెంపిన పూలన్నీ ఇంట్లోనే వాడిపోయేవి.

ఠాణా ఆవరణలో ఒక ట్రాలీ ఆటో ఏళ్ల తరబడి నిలిచిపోయి ఉంది. ఏదో కేసులో పట్టుకున్నారట, యజమాని మళ్లీ రాలేదట. చేవెళ్ల కోర్టు దాన్ని వేలం వేయమంది. వెనక తొట్టిలో గడ్డి మొలిచింది. వంగి కింద చూశాను. తుప్పు పట్టింది కానీ ఎక్కడా విరగలేదు. పాట మొదలైంది. ఎవరో మరీ తక్కువకు పాడితే అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య నేను పాడాను. ఇంకొకాయన పెంచితే నేనూ పెంచాను. చివరికి నా పేరే రాసుకున్నారు.

సాయంత్రం మా ఆయన వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత తొట్టిలో గడ్డి పీకడం మొదలుపెట్టాడు.

మెకానిక్ చేతిలో బండి కదిలింది. కాగితమే కదల్లేదు. పేరు మారాలంటే పాత యజమాని సంతకం కావాలన్నాడు రవాణా ఆఫీసు గుమస్తా. ఆయనెక్కడున్నాడో పోలీసులకే తెలియదని చెప్పినా వినలేదు. బయటికి రాగానే ఒక ఏజెంటు ఎదురొచ్చాడు.

“ఆ సంతకం నేను పెట్టిస్త అక్కా. ఎవలు చూస్తరు?”

“దొంగ సంతకం పెడితే బండి మల్ల ఠాణాకే పోతది,” అన్నాను.

అమ్మమన్నది కోర్టే కాబట్టి పేరు మార్చమని కూడా కోర్టే చెప్పాలనిపించింది. బస్సెక్కి చేవెళ్ల వెళ్లాను. ఒక లాయరమ్మ అర్జీ రాసిపెట్టింది. వాయిదాలు పడుతూనే ఉన్నాయి. పొద్దున పూలు తెంపి, చేతుల మీద ముళ్ల గీతలతోనే వెళ్లేదాన్ని. చివరికి నన్ను లోపలికి పిలిచారు. జడ్జిగారు కాగితాలు చూసి, మీ ఆయన ఎందుకు రాలేదని అడిగారు.

“పాట పాడింది నేను సార్. బండి నా పేరు మీదనే కావాలె.”

ఆయన తలెత్తి నన్ను చూశారు. కోర్టు చెప్పి అమ్మించిన బండికి పాత యజమాని సంతకం అక్కర్లేదని, కొన్నామె పేరుకు మార్చాలని రవాణా ఆఫీసుకు ఉత్తర్వు రాయించారు.

ఈసారి అదే గుమస్తా నాకు కుర్చీ చూపించాడు. అక్కడి ఇన్‌స్పెక్టరు బండి చట్రం మీద తుప్పు గీకించి, దానిపై చెక్కిన నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు. అంకెలు ఒక్కొక్కటే తేలాయి. ఠాణా కాగితంలో ఉన్నవాటితో అన్నీ కలిశాయి.

ఆర్‌సీ వచ్చిన రోజు, చదువు రాని మా అత్తమ్మ నా పేరెక్కడుందో చూపించమని దాని మీద వేలు పెట్టింది.

“మన ఇంట్ల ఆడోళ్ల పేరు మీద ఇప్పటిదాంక ఏమన్న ఉన్నదా బిడ్డా? మొదలు నీదే,” అంది.

తర్వాత మా పూలు ఏ ఒక్కరోజూ ఆగలేదు. ఒకసారి సిటీ దారిలో పోలీసులు బండి ఆపి, ఎవరిదని అడిగారు. మా ఆయన నా వైపు చెయ్యి చూపించాడు.

“ఆమెది సార్. నేను డ్రైవర్‌ను.”

పూలగంప ఒళ్లో పెట్టుకొని పక్కనే ఉన్న నేను ఆర్‌సీ తీసి కానిస్టేబుల్ చేతికిచ్చాను.