నాయన మొగానికి సరిపోయిన మాస్కు

మా నాయన బావుల్లో మునిగి మోటర్లు తీసేవాడు. గుమ్మఘట్ట చుట్టుపక్కల ఏ ఊర్లోనైనా బావిలోకి మోటరు జారిపోతే, సైకిల్ మీద ఒక మనిషి మా ఇంటికొచ్చేవాడు. నాయన లావుపాటి తాడు, మోకు, భుజానేసుకుని వెంటనే బయల్దేరేవాడు. బావిగట్టు మీద నిలబడి రెండు మూడు సార్లు నిదానంగా గాలి పీల్చి, మోకు కొసను పళ్ల మధ్య పట్టుకుని దిగేవాడు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలని అట్ల. అడుగుకు పోయి మోటరుకు మోకు కట్టి, రెండుసార్లు గుంజితే పైనున్నవాళ్లు లాగేవాళ్లు.

నీళ్లలో కండ్లు తెరిచే ఉంచేవాడు. తెరిచినా అంతా మసకేనంట. మోటర్లలోంచి కారిన ఆయిలు, కుళ్లిన ఆకులు, అడుసు, అన్నీ ఆ కండ్లలోకే పోయేవి. తొంభైల చివర్లో ఆయనకు పొద్దున లేస్తే రెప్పలు అతుక్కుపోయేవి. అనంతపురం తీసుకుపోయి చూపిస్తే కంటి డాక్టరమ్మ టార్చి వేసి చాలాసేపు చూసింది.

"ఇట్లే మునుగుతా ఉంటే చూపు పోతుంది పెద్దాయనా" అని ఉన్నది ఉన్నట్లు చెప్పింది.

అమ్మ ఆ పని మానేయమంది. నాయన వినలేదు. "నీళ్లు లేక చీనీ చెట్లెండిపోతాంటే, నా కండ్లు బాగలేవని చెప్పి పంపియ్యాల్నా వాళ్లను?" అన్నాడు.

నేనప్పుడు రాయదుర్గంలో ఒక ఎస్టీడీ బూత్‌లో కూర్చునేదాన్ని. బజార్లో వెతికి ఈత కొట్టేవాళ్లు పెట్టుకునే కళ్లద్దాలు కొనిచ్చినాను. నీలిరంగువి, కంటికొక గిన్నెలాగ ఉండేవి. నాయన ఎంతో మురిసిపోయి పెట్టుకుపోయినాడు. సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు చూస్తే, రెండు కండ్ల చుట్టూ కమిలిన గుండ్రాలు. తెల్లగుడ్డు ఎర్రగా రక్తం చిమ్మినట్లుంది.

"ఏమైంది నాయనా?"

"పైన బాగనే ఉండాది బిడ్డా. కిందికి పోయేకొద్దీ అవి కండ్లను బయటికి పీకుతాండాయి."

 కళ్లద్దాలు తుడిచి జాగ్రత్తగా గూట్లో పెట్టినాడు. 

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పోతే ఆమె తల పట్టుకుంది. లోతుకు పోయేకొద్దీ నీళ్లు అన్నివైపులా ఒత్తుతాయని, అద్దంలోపలున్న గాలి కుంచించుకుపోయి కండ్లను లాగుతుందని వివరంగా చెప్పింది. "సముద్రంలో మునిగేవాళ్లకు వేరే మాస్కు ఉంటుంది. దాంట్లో కండ్లతోపాటు ముక్కు కూడా లోపలే ఉంటుంది. ముక్కుతో కొంచెం గాలి వదిలితే ఆ లాగుడు పోతుంది. బెంగళూరులో దొరకొచ్చు, అడిగి చూడమ్మా" అంది.

బూత్‌లో ఖాళీ దొరికినప్పుడల్లా బెంగళూరుకు ఫోన్లు చేసినాను. స్పోర్ట్స్ సామాన్ల అంగళ్లవాళ్లు ఒకరి నంబరు ఒకరిచ్చినారు. చివరికి ఒకాయన, నేవీలో డైవరుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి, తన ఇంటి ముందు గదిలోనే ఇట్లాంటి సామాన్లు అమ్ముతాడని తెలిసింది. ఒక ఆదివారం నాయనా నేనూ తెల్లారే బస్సెక్కినాం.

ఆ గదిలో గోడంతా మాస్కులే. నాయన కొంచెంసేపు చెప్పులు విప్పాల్నా వద్దా అని గడప దగ్గరే నిలబడినాడు. ఆ పెద్దాయన కన్నడంలో పలకరించేసరికి నాయనకు ధైర్యం వచ్చింది. మా ఊళ్లలో కన్నడం తెలుగుతోపాటే వస్తుంది. ఇద్దరూ ఒక స్టూలుకు అటూ ఇటూ కూర్చుని, ముందు బావుల గురించి మాట్లాడుకున్నారు. ఎంత లోతు, నీళ్లు ఎంత మురికి, ఊపిరి ఎంతసేపు పడతారు అని ఆయన అడుగుతా ఉంటే నాయన చెప్తా పోయినాడు. వింటా వింటా ఆయన ముందుకు వంగినాడు. "గాలి సిలిండరు లేకుండానా?" అని రెండుసార్లు అడిగినాడు.

నేను మాస్కు ఒకటి తీసుకుని దాని పట్టీ నాయన తలకు తగిలించబోయినాను. పెద్దాయన నా చెయ్యి ఆపినాడు.

"పట్టీ ముట్టుకోవద్దమ్మా. పట్టీ బిగిస్తే ఏ మాస్కయినా మొగానికి అంటుకున్నట్లే ఉంటుంది. నీళ్లలో దిగినాక తెలుస్తుంది దాని సంగతి. ముందు మొగానికి ఊరకే ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీల్చి, చెయ్యి వదిలెయ్యమను. పడిపోకుండా నిలబడితే అది ఆయనది."

నాయన మొదటిది ఆనించి పీల్చినాడు. చెయ్యి తీసేలోపలే ఒళ్లో పడింది. రెండోదీ అంతే. మూడోది ఎడమవైపు నుంచి సన్నగా బుస్సుమని గాలి లాగింది. పెద్దాయన వేలితో నాయన ముక్కు దూలం తడిమి చూసినాడు. వయసులో ఉన్నప్పుడు గిలక తగిలి ఆ ముక్కు ఎడమకు వంగింది. "మీకు ఇక్కడ మెత్తగా ఒదిగే రబ్బరు కావాల" అని లోపల్నించి సన్నటి సిలికాన్ అంచున్న మాస్కు తెచ్చినాడు. అది దూలం దగ్గర బాగా కూర్చుంది, కానీ కిందనుంచి గాలి దూరింది.

పెద్దాయన కొంచెం మొహమాటంగా, "మీసం అడ్డమొస్తాంది" అన్నాడు. "ముక్కు కింద ఒక సన్నటి గీత మేర తీసేస్తే చాలు."

మా వైపు మగవాళ్లకు మీసమంటే ఏమిటో చెప్పాల్సిన పనిలేదు. నాయనది చెంపలదాకా పోయే మీసం. నేను తల వంచుకుని కూర్చున్నాను. నాయన లేచి, "ఈడ సెలూన్ యాడుంది సార్?" అని అడిగి బయటికి పోయినాడు. తిరిగొచ్చినప్పుడు మీసం మొత్తానికే లేదు. పుట్టి ఇరవయ్యేండ్లకు మా నాయన పైపెదవి మొదటిసారి చూసినాను. ఎవరో కొత్తమనిషిలాగ ఉన్నాడు.

"సగం తీస్తే సగమే ఆగుతాయి గదా నీళ్లు" అన్నాడు కూర్చుంటా.

పెద్దాయన ఆ సిలికాన్ మాస్కు తన చేత్తోనే నాయన మొగానికి ఆనించినాడు. నాయన పీల్చి చెయ్యి వదిలినాడు. మాస్కు కదల్లేదు. తల వంచినాడు, పక్కకు తిప్పినాడు. అట్లే ఉంది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

నాయన మాత్రం మాస్కు తీసి ఆలోచనలో పడినాడు. భుజం మీది తువ్వాలు కొస తీసి పళ్లతో గట్టిగా కరిచి, మళ్లీ మాస్కు ఆనించినాడు. ఈసారి అది జారి కింద పడింది.

"మోకు కరుచుకునే గదా నేను దిగేది. పండ్లు బిగిస్తే దవడ కదుల్తాది, చెంప కదుల్తాది. నోరు మూసుకుంటే సరిపోయేది నాకెందుకు?"

పెద్దాయన లేచి నిలబడినాడు. "మేము కూడా గాలి పీల్చే గొట్టం నోట్లో పెట్టుకునే చూడమంటాం యజమాన్రే. నేను చెప్పడం మర్చిపోయినా. మీరు ఎవరూ చెప్పకుండానే పట్టేసినారు" అన్నాడు. కన్నడంలో పెద్దవాళ్లను పిలిచే ఆ 'యజమాన్రే'లో ఉన్న గౌరవం నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఇంకో నాలుగు చూసినారు. ప్రతిదానికీ నాయన తువ్వాలు కరిచేవాడు. ఆఖర్న నల్లటి అంచున్న, చిన్నపాటి మాస్కు ఒకటి, పళ్లు బిగించినా, నుదురు ముడిచినా, నవ్వినా వదల్లేదు. చూడ్డానికి అన్నిటికన్నా సాదాది అదే.

బస్సులో నేను పెట్టుకుని చూసినాను. బుగ్గల దగ్గర నిలబడనే లేదు. "అది నా మొగం కొలత బిడ్డా, నీది కాదు" అని నవ్వినాడు.

వారం తిరక్కుండానే ఒక పాత రాతిబావిలో మోటరు పడిందని కబురొచ్చింది. నేనూ వెంట పోయినాను. నాయన అద్దం మసకబారకుండా లోపల ఉమ్మి రుద్ది కడిగి, మాస్కు పెట్టుకుని దిగినాడు. ఎప్పటికన్నా ఆలస్యమైంది. పైకొచ్చి ఒడ్డు పట్టుకున్నాడు, కానీ నోట్లో మోకు అట్లే ఉంది. కట్టి రాలేదు.

"ఏమప్పా, దొరకలేదా?" అని గట్టు మీదివాళ్లు అరిచినారు.

నాయన మోకు తీసి, "మోటరు ఉండాది, యాడికీ పోదు" అన్నాడు. నా వైపు తిరిగి, "రాళ్లు చూస్తాంటి బిడ్డా. అడుగుదాకా రాయికి రాయి ఎట్ల కూర్చోబెట్టినారో! యాడా వేలు దూరదు. ఇన్నేండ్లు చేత్తో తడుముతా దిగినా గానీ, కట్టినోళ్ల పనితనం ఈపొద్దే చూసినా" అన్నాడు. రెండోసారి దిగి మోటరు తీసినాడు. ఆయన కండ్లు ఆ సాయంత్రం తెల్లగా ఉన్నాయి.

రెండువేల సంవత్సరం తర్వాత వరసగా వానల్లేక బావులు అడుగంటినాయి. అందరూ బోర్లు వేసుకున్నారు. నాయనను పిలిచేవాళ్లు తగ్గిపోయినారు. అట్లుండగా ఒక ఏడాది పెద్దవాన పడి మా పక్క ఊరి చెరువు నిండింది. నిండినాక చూస్తే నీళ్లకు అడ్డంగా దించే తూము పలక సగంలో ఇరుక్కుని నీళ్లన్నీ పోతాన్నాయి. అన్నేండ్లకు వచ్చిన నీళ్లు అట్ల పోతాంటే ఆడవాళ్లు కట్టమీద నిలబడి ఏడ్చినారు. ఫైరింజనులో జవాన్లు, ఒక ఆఫీసరు వచ్చినారు. వాళ్ల దగ్గర నాలుగు మాస్కులున్నాయి. నాయనను తోడు రమ్మని పిలిచినారు.

తూము నోటి దగ్గర నీళ్లు మనిషిని లోపలికి గుంజుతాయి. నాయన నడుముకు మోకు కట్టించుకుని, తనతో దిగబోయే జవానును పిలిచి, "పట్టీ ఇప్పప్పా. ఊరకే ఆనించి పీల్చు" అన్నాడు. మాస్కు జారిపోయింది. మిగిలిన మూడూ అంతే. అతనిది బాగా కోలమొగం.

పక్కనున్న ఆఫీసరు, "పట్టీ బిగిస్తే సరిపోతుందిలే పెద్దాయనా, టైము లేదు" అన్నాడు.

"సరిపోదు సార్. తూము కాడ మాస్కులోకి నీళ్లొస్తే బెదురుకుంటాడు. బెదిరితే లోపలికి పోతాడు. ఈయప్ప దిగితే నేను దిగను."

 ఆఫీసరు ఒక్క నిమిషం నాయన మొగంలోకి చూసి, మిగిలిన జవాన్లను వరసగా నిలబెట్టినాడు. నాయన ఒక్కొక్కరి మొగానికీ ఒక్కొక్క మాస్కు ఆనించి చూసినాడు. మూడో మనిషికి రెండో మాస్కు పట్టుకుంది. అతనూ నాయనా దిగినారు. పలక పక్కన అడ్డంపడ్డ బండరాయిని గడ్డపారతో కదిలిస్తే, పలక ధన్‌మని కిందికి దిగింది. కట్ట కింద పారే నీళ్లు సన్నబడి, కొంచెంసేపటికి ఆగిపోయినాయి.

నాయన తడిబట్టలతోనే పోయి, దిగకుండా ఆగిపోయిన ఆ కోలమొగం జవాను పక్కన కూర్చున్నాడు. "నీ మొగానికి సరిపోయేది ఉంటాదప్పా. బెంగళూర్లో ఒగాయన ఉండాడు, అడ్రసు మా బిడ్డ రాసిస్తాది" అన్నాడు.