ఖ్యొ అని విన్న రోజు

నలభై దాటాక కొరియన్ నేర్చుకున్నాను. బద్వేలులో నేను ఇంగ్లీషు చెప్పే ప్రైవేటు బడి మూతపడింది. కడప పక్కన ఒక బూట్ల ఫ్యాక్టరీలో, కొరియా ఇంజనీర్ల మాటలు తెలుగులో చెప్పే మనిషి కావాలన్నారు. ఫోన్లో పాఠాలు వింటూ ప్రతి మాటా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాను. ఇంగ్లీషు టీచర్ని కదా, అదే నా ధైర్యం.

చేరిన రెండో వారం కొత్త ప్రెస్ బిగించారు. రబ్బరు షీట్లను బూటు అడుగు భాగాల ఆకారంలో కోసే యంత్రం. దాన్ని నడిపేది పల్లె నుంచి బస్సులో వచ్చే ఒక పెద్దామె. కోత పలక పైన ఆగి ఉంది గానీ కరెంటు ఆపలేదు, ఆకుపచ్చ బటన్ నొక్కితే పలక కిందికి దిగుతుంది. కింద ఇరుక్కున్న రబ్బరు ముక్క కోసం కొరియా ఇంజనీరు చెయ్యి లోపల పెట్టాడు. తల తిప్పకుండానే ఏదో అన్నాడు. ఆ రొదలో నాకు ‘ఖ్యొ’ అని వినబడింది. అంటే ఆన్ చెయ్యమని.

“ఆన్ చెయ్యమంటాండాడు” అన్నాను.

ఆమె ఆకుపచ్చ బటన్ మీద వేలు పెట్టి ఆగింది. “చెయ్యి లోపల పెట్టుకోని ఆన్ చెయ్యమంటాడా టీచరమ్మా? ఇంగోసారి అడుగు.”

“ఖ్యొ?” అని అరిచాను.

ఆయన చెయ్యి సర్రున లాక్కున్నాడు. “కొ! కొ!” అంటూ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. ముందు ఆయన అన్నదీ అదే, ఆఫ్ చెయ్యమని! ఆమె ఎర్ర బటన్ నొక్కింది.

గోడ పట్టుకుని కూర్చుండిపోయాను. ఆమె నీళ్లిచ్చి, “ఏం కాలేదు లేమ్మా, తాగు” అంది.

తప్పు నాదేనని ఆయనతో చెప్పాను. ఆయన తిట్టలేదు. పలచటి కాగితం నోటి ముందు పట్టుకుని ‘ఖ్యొ’ అన్నాడు. కాగితం ఎగిరింది. ‘కొ’ అన్నాడు. కదల్లేదు. నా నోట్‌బుక్‌లో రెండూ ఇంగ్లీషు ‘కె’తోనే మొదలవుతున్నాయి. ఇంగ్లీషు చెవితో విన్నదాన్ని, ఊపిరి తేడా పట్టించుకోలేదు. తెలుగులో క, ఖ వేరువేరుగా ఉన్నాయి. కానీ ఇంట్లో మేం వత్తులు ఎప్పుడు పలికాం గనక!

ఆ సాయంత్రమే మాటలన్నీ తెలుగు అక్షరాల్లో తిరగరాశాను. అయినా భయం పోలేదు. మర్నాడు ఆయన పెదవి కదిలితే చాలు, ఏమన్నారని మళ్లీ మళ్లీ అడిగాను. “చేత్తో కూడా చూపించండి” అని బతిమాలాను. ఆయన సరేనన్నాడు. ఆయన యంత్రం పని ముగించుకుని కొరియా వెళ్లేదాకా, సైగ చూడనిదే నేను పెద్దామెకు ఒక్క మాట చెప్పలేదు.