కొయ్య తల మీద బొడిపె

దయ్యం, దిష్టి, చేతబడి అన్నవాళ్ళను నా అంగడి గడప తొక్కనివ్వలేదు. బడికి పోయింది నాలుగో తరగతి దాకానే. పాత పుస్తకాలు కొని చదువుకుని, ఈ డెబ్బై నాలుగేళ్ళూ బుద్ధిని శుభ్రంగా ఉంచుకున్నవాణ్ణి. అలాంటి నేనే ఇది రాస్తున్నాను.

నగర్తపేటలో మైసూరు తలపాగాలు కట్టి అమ్మడం మా పని. కొయ్య తలల మీద గుడ్డ చుట్టి కడతాం. మాకున్న ఐదింట్లో ఒకటి మా తమ్ముడు నారాయణప్ప తల కొలతకు మా నాన్న టేకుతో చెక్కించింది. నలభై ఐదేళ్ళ నాటిది. కొయ్యకు ఏ మరమ్మతు చేసినా అడుగున పెన్సిల్‌తో నెల రాయడం ఆయన పెట్టిన అలవాటు.

నాలుగేళ్ళ కిందట శ్రావణంలో, ఆ కొయ్య మీద కట్టిన పాగాలు ఎడమవైపు వదులుగా ఉన్నాయని గిరాకీలు తిప్పి పంపారు. తడిమి చూస్తే ఎడమ చెవి పైచోట చింతగింజంత బొడిపె. ఆకురాయితో రుద్ది నున్నగా చేశాను. ఉగాదికి మళ్ళీ లేచింది. మళ్ళీ రుద్దాను. అదే అరలో ఉన్న మిగతా నాలుగూ ఎప్పటిలాగే ఉన్నాయి. ఇంత పాత టేకు ఉబ్బదని వడ్రంగి తేల్చి చెప్పాడు.

తమ్ముడికి ఎడమ చెవి మందగించింది ఆ తర్వాతే. ఒక డాక్టరు గులిమి అన్నాడు, ఒకడు వయసు అన్నాడు, మూడోవాడు చుక్కల మందిచ్చాడు. "తల పెద్దదయితా ఉండాది సార్, టోపీ పట్టడంలే" అని వీడు మొత్తుకుంటే నవ్వారు. మూడేళ్ళు నవ్వారు! చివరికి నాలుగో ఆయన స్కాన్ తీయించాడు. ఎడమ చెవి పైన పుర్రె ఎముక రెండింతలు మందమై, లోపలికి పెరిగి వినికిడి నరాన్ని నొక్కేసిందట. ఆలస్యంగా వచ్చారని మమ్మల్నే కసిరాడు. ఆ చెవి పోయింది. రేడియో లేనిదే పాగా కట్టని మనిషికి ఇక మిగిలింది కుడి చెవి ఒక్కటే.

ఇంటికొచ్చి తమ్ముడు కొయ్యను దించాడు. వేలు పెట్టిన చోటు అదే.

"ఇది నా తలనే చూసుకుంటా ఉండాదన్నా."

"కొయ్యకేం తెలుస్తుందిరా?"

"డాక్టర్లకు తెలీంది దీనికి తెలిసింది గదప్పా."

నేను ఊరుకోలేదు. కొయ్యను సంచిలో వేసుకుని పోయి, అడుగున రాసిన నెలలు ఆ డాక్టరుకు చూపించాను. తమ్ముడి చెవి మందగించకముందే ఈ బొడిపె లేచిందని చెప్పాను. "తాతా, దీనికీ స్కాన్ తీద్దామా?" అన్నాడు. అంత చదివినవాడికి కళ్ళ ముందున్నది చూసే ఓపిక లేదు.

చెమ్మ అనుకున్నాను, పురుగు అనుకున్నాను, నా చేతివేళ్ళ భ్రమ అనుకున్నాను. ఏదీ నిలవలేదు.

మొన్న పొద్దున పాగా చుడుతుంటే బొటనవేలికి ఏదో తగిలింది. ఈసారి కుడివైపు. చెవి పైనే. ఆకురాయి అందుకోబోయి ఆగిపోయాను. రుద్దితే ఏమవుతుందో, వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలియదు.

"ఏమన్నా, చుట్టేది నిలిపేస్తివి?" అన్నాడు తమ్ముడు, రేడియో పక్కనుంచి తల తిప్పి.

"ఏం లేదురా" అన్నాను.

రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.