గేటు బయట పాడని గొంతు

ఒమన్‌లో సూర్ నుంచి మస్కట్ వెళ్లే బస్సులో నా పక్కన ఒక నల్లజాతి అమెరికన్ పెద్దావిడ కూర్చుంది. ఫోన్‌లో పాత ఫొటో చూపించింది.

"మా అమ్మ. చర్చిల్లో పాడేది, హక్కుల కోసం ఊరేగింపుల్లో నడిచేది. మావాళ్లను వెనక తలుపు నుంచి రమ్మనే హాల్లో మాత్రం ఎంత బతిమాలినా పాడలేదు."

నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. "మా అమ్మ గూడ గంతే మేడమ్. నాట్లల్ల పాట ఎత్తేది. దొర ఇంట్ల పెండ్లికి గేటు బయట నిలవడి పాడుమన్నరు. లోపలికి పిలిస్తెనే పాడుతనన్నది. దొర పిలువలే, అమ్మ పాడలే."

"ఆమె పేరు?"

"పోశవ్వ."

తప్పు రాకుండా ఆ పేరు మళ్లీ మళ్లీ పలికి నేర్చుకుంది.

గల్ఫులో అమ్మ పేరు అడిగింది ఆమె ఒక్కతే. ఇప్పుడు నేను పనిచేసే సైట్‌లో కొత్తవాళ్లు నువ్వెవరని అడిగితే, పోశవ్వ కొడుకునని చెప్తున్నాను.