ఒక్క ఒరేయ్ కోసం

విశ్వాసం మాస్టారు మెత్తని మనిషి. కొల్లేటి ఒడ్డున మిషన్ బడి నడిపేవారు. పిల్లలెవరికైనా జ్వరమొస్తే ఇంటికి జావ పట్టుకెళ్ళేవారు. అలాంటి మనిషికీ ఒకసారి అసూయ పుట్టింది, అదీ ఒక పిలుపు మీద.

పందొమ్మిది వందల ముప్పై ఐదులో, క్రిస్మస్ వెళ్ళిన శనివారం, ఏలూరు బోర్డింగులో తనతో చదివిన బాలస్వామి, తోమాలతో కలిసి ఆయన గట్టు మీద నడక సాగించారు. లంకలో పడుకుని, ఆదివారం ప్రార్థన అక్కడే చేసుకోవాలని ముచ్చట. బాలస్వామిది వ్యవసాయం, పిల్లలంతా మాస్టారి బడిలోనే. తోమా తాడేపల్లిగూడెం రైసుమిల్లులో ఇంజను చూస్తాడు.

"ఒరేయ్ తోమా, మిల్లులో తవుడు తిని బలిశావురా, నడువు!" అని బాలస్వామి వాడి వీపున చరిచాడు. వెంటనే ఇటు తిరిగి, "మాస్టారండీ, జారుతుంది, చూసి అడుగెయ్యండి" అన్నాడు.

ఒకే కంచంలో తిన్న బాలస్వామి! మాస్టారి మనసు చివుక్కుమంది.

సాయంత్రం దోనెలో లంక చేరారు. కర్రలు పాతి పైన చాప కట్టి, కింద గడ్డి పరిచి, కొరమీను పులుసు కాచారు. బాలస్వామి నడిముక్కలన్నీ మాస్టారి ఆకులో వేశాడు.

"తలకాయ నీకేరా తోమా. నీకు లేనిది అదొక్కటేగా!"

ఆ తలకాయ మీద కూడా మాస్టారికి ఈర్ష్య కలిగింది. బాలస్వామి తన కంబళి ఆయనకు కప్పి, తోమా దుప్పట్లో దూరాడు. నీదెంత నాదెంత అని ఇద్దరూ గుంజుకుంటున్నారు. వెచ్చగా పడుకున్న మాస్టారు, "ప్రభువా, తోమా చలికి వణకాలని కోరుకున్నాను, క్షమించు" అని ప్రార్థించారు.

తెల్లవారింది. మంచు ఇంకా విడలేదు. లేపడానికొచ్చిన బాలస్వామి చెయ్యి పట్టుకుని అడిగేశారు.

"నన్ను ఒరేయ్ అనవేమిట్రా?"

బాలస్వామి నాలిక కరుచుకున్నాడు. "అమ్మో, తప్పండీ! ఇంట్లో మీ మాటొస్తే గారూ అండీ లేకుండా మాట్లాడొద్దని పిల్లలకి నేర్పాను. వాళ్ళకి నేర్పబోతే నా నోరే అలా తిరిగిపోయిందండీ."

"ఇక్కడ పిల్లలెవరున్నారు?"

బాలస్వామి చుట్టూ చూశాడు. నీళ్ళూ కొంగలూ తప్ప ఎవరూ లేరు. "ఒరేయ్ విశ్వాసం... లేవండిరా!"

తోమా గడ్డిలో దొర్లాడు. "ఒక్కణ్ణి పట్టుకుని లేవండిరా ఏమిట్రా! వాడేమన్నా ఇద్దరా?"

మాస్టారికి నవ్వు రాలేదు. కళ్ళు తుడుచుకుని, "ఇంకోసారి అనరా" అన్నారు.