నేను తప్పు చదివి చెప్పిన బస్సు బోర్డు

మా చిన్నప్పుడు... చీపురుపల్లి బస్టాండులోకి ఏ బస్సొచ్చినా అందరికంటే ముందు నేనే పరిగెత్తి బోర్డు చదివేదాన్ని. మా నాన్న బడిపంతులు. నాలుగో తరగతిలోనే పేపరు గడగడా చదివేస్తున్నానని, ఇంటికి ఎవరొచ్చినా నా చేత చదివించి మురిసిపోయేవారు. ఆ గర్వం నాకు బాగా తలకెక్కింది...

ఒక వేసవిలో పిన్నితో కలిసి శ్రీకాకుళం బయల్దేరాను. ఒంటి మీద కొత్త పరికిణీ. మా పక్కనే ఒకామె ఎండు చేపల గంప దించుకుని కూర్చుంది. కళింగపట్నం నుంచి సంతకొచ్చి, అమ్ముకుని తిరిగి వెళ్తోంది. గంప దాదాపు ఖాళీ... వాసన మాత్రం గుప్పున కొడుతోంది. పిన్ని పమిట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అది చూసి నేనూ ముక్కు మూసుకున్నాను.

ఇంతలో శ్రీకాకుళానికి ఎదురు దిక్కున వెళ్లే గజపతినగరం బస్సొచ్చి ఆగింది. ఆమె నా వైపు తిరిగింది.

"పాపా, ఇది సికాకులం బస్సేనేటమ్మా? నాకు సదువు రాదు."

బోర్డు మీద అక్షరాలు ఇంత లావున ఉన్నాయి. కానీ ఆమె మా బస్సెక్కితే ఆ గంప మా కాళ్ల దగ్గరే ఉంటుంది...

"ఇదే. బేగెక్కు" అన్నాను.

"సల్లగుండు తల్లీ" అంటూ ఎక్కేసింది. పిన్నికి చదువొచ్చు, అంతా విన్నది కూడా. బస్సు కదిలాక నవ్వి, "గడుసుదానివే" అంది. నేనూ నవ్వాను.

నెల తర్వాత ఆమె మా వీధికి అమ్మకానికొచ్చింది. పక్కింటి అరుగు మీద గంప దించి, గుమ్మంలో ఉన్న నన్ను గుర్తుపట్టింది. నేను తలుపు చాటుకి జరిగాను.

"ఆ యేల బస్సు నిండా జనం. కండక్టరు నా కాడికొచ్చేసరికి సానా దూరం ఎల్లిపోనాది. రోడ్డు మీద దింపేసినాడు. మా కూతురు పురిటికని సికాకులం ఆసుపత్రిలో ఉన్నాది. నానెల్లేసరికి పురుడైపోనాది. ఒక్కర్తీ నొప్పులు పడ్డాది పిల్ల..."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"పర్లేదు తల్లీ. సిన్నపిల్లవి, అచ్చరాలింకా కుదరనేదు గావాల. బాగా సదువుకో. నాలాగ అవకు."

లోపలికెళ్లిపోయాను. నిజం చెప్పలేదు. ఆ తర్వాత ఆమె మా వీధిలో కనిపించలేదు.

తర్వాత డిగ్రీ చదివాను, ఉద్యోగం చేస్తున్నాను. నా చదువుతో నేను చేసిన మొదటి పని ఏమిటని ఆలోచిస్తే అదే గుర్తొస్తుంది... నా మీద నాకే రోత పుడుతుంది. చేపల వాసన స్నానంతో పోతుంది. ఇది పోలేదు.

మొన్న అదే బస్టాండులో ఒక ముసలామె, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన్ని ఏ బస్సని అడిగింది. ఆయన ఫోన్లోంచి తలెత్తకుండానే, "బోర్డుంది కదా, చదువుకో" అన్నాడు. ఒళ్లు మండింది. ఆమెను తీసుకెళ్లి రాజాం బస్సెక్కించి, సీట్లో కూర్చోబెట్టి వచ్చాను. ఆయన్ని మాత్రం ఒక్క మాటా అనలేకపోయాను. అనడానికి నాకేం అర్హత ఉంది...

ఇప్పుడు బోర్డుల మీద లైట్లొచ్చాయి, అక్షరాలు మెరుస్తూ పరిగెడుతున్నాయి. అడిగేవాళ్లు తగ్గారు. ఆగి చెప్పేవాళ్లు ఇంకా తగ్గారు...

మీరూ చిన్నప్పుడు చదువురాని వాళ్లకి బోర్డులో, ఉత్తరాలో చదివిపెట్టే ఉంటారు. ఉన్నది ఉన్నట్టే చదివారా?