ఆర్పు మావయ్య

మా సర్క్యూట్ల గదిలో పెద్ద ఇంజినీరుగారికి ఒకటే జబ్బు. ఎక్కడ కరెంటు కాలుతున్నా ఆయన చెయ్యి ఊరుకోదు. కింద మనిషి కూర్చుని పనిచేస్తున్నా సరే, లైటు ఆర్పేసేవారు. ఫ్యానూ అంతే. చెమటలు కక్కుతూ మేం పెట్టుకున్న పేరు ఆర్పు మావయ్య.

"నేనింకా ఇక్కడే ఉన్నానండీ!" అని చీకట్లోంచి అరిస్తే, "ఉన్నావా? అలికిడి లేదే!" అనేవారు. ఒకసారి డైరెక్టరుగారు మాట్లాడుతుండగానే మైకు కట్టేశారు. "ఆయన చెప్పాల్సింది ఎప్పుడో అయిపోయిందిగా" అని సంజాయిషీ.

లోపలిచెవి చెడి, నిలబడితే నేల ఊగిపోయేవాళ్ల కోసం మేమో పరికరం చేస్తున్నాం. తల ఎటు తిరిగిందో అది నరానికి కబురందిస్తుంది. పరీక్షల దశలో తీగ మాత్రమే చెవి లోపల. సర్క్యూటూ బ్యాటరీ చెవి వెనక డబ్బీలో. అన్నీ కుదిరాక ఆ డబ్బీ కూడా చెవి వెనక ఎముకలోకే.

మూడో సర్క్యూటు అన్ని పరీక్షలూ నెగ్గింది. అందరం హమ్మయ్య అని కుర్చీల్లో కూలబడ్డాం. మావయ్య కొలతల కాగితం చూసి పెదవి విరిచారు.

"ఇంకా కరెంటు తాగుతోంది. మళ్లీ గీద్దాం."

"ఏం తాగుతోందండీ? చీమ కన్నీరంత!"

"అదీ ఎక్కువే."

ఎనిమిది నెలలు! తల కదలనప్పుడు సెన్సరు కునుకు తియ్యాలి, కదలగానే లేవాలి. దానికి నిద్ర నేర్పేసరికి మాకు నిద్ర కరువైంది. "ఆయనకి పెళ్లాం పిల్లలు లేరా?" అని మా ఆవిడ విసుక్కుంది. "ఉండేవుంటారు, ఆర్పేసి వచ్చుంటారు" అన్నాను.

చివరికి ఒళ్లు మండి అడిగేశాను. "డైరెక్టరుగారే చాలన్నారు. ఎవరి కోసమండీ ఈ చాకిరీ?"

మావయ్య నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ మూడో సర్క్యూటు పెట్టుకున్న దర్జీ ఒకామె ఆయన్ని చూసి "రండి అన్నయ్యా" అంది.

"పొద్దున పెట్టుకుంటే మూడున్నరకి బ్యాటరీ అయిపోతుందండీ" అని నాతో చెప్పింది. "మళ్లీ ఛార్జింగయ్యేదాకా మంచం పట్టుకుని పడుండటమే. నాలుగింటికి పాప బడి వదుల్తారు."

"బ్యాటరీ పెద్దది చేస్తే?" అన్నాను.

"రేపు ఎముకలో పట్టదయ్యా" అన్నారు మావయ్య.

"మరి పాపనెవరు తెస్తారమ్మా?"

"గురువారాలు ఈ అన్నయ్యే. మిగతా రోజులు వదినగారు."

బయటికొచ్చాక అడిగాను. "ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే జాలితో చేస్తారు. జాలితో పెట్టిన టంకం సరిగ్గా అతకదు."

నాలుగో సర్క్యూటు పెట్టిన రోజు నాలుగున్నరకి, ఆమే స్వయంగా పాప చెయ్యి పట్టుకుని బడి నుంచి ఆసుపత్రి వరండాలోకి నడిచొచ్చింది. మలుపు దగ్గర కూడా గోడ తాకలేదు. చూశారా అన్నట్టు మావయ్య వైపు తిరిగాను. ఆయన గోడకానుకుని, నిలబడే నిద్రపోతున్నారు. పక్కకి ఒరుగుతున్నారు కూడా.

నాకంటే ముందు ఆమే నాలుగడుగుల్లో వచ్చి భుజం పట్టుకుంది.

"అన్నయ్యా, కాస్త నిలదొక్కుకోండి!"